కాస్త జరుగు

బట్టల కార్ఖానాలో ఆమెని అందరూ సూదికళ్లు అని పిలుస్తారు. కుట్టు పూర్తయిన చొక్కాలన్నీ ఆమె బల్ల మీదికి వస్తాయి. ఎక్కడ కుట్టు జారింది, ఏ కాలరు పక్కకి పోయింది, ఏ బొత్తాం కింద దారం వదులుగా ఉంది, అన్నీ చూసి తప్పున్నవాటిని వెనక్కి పంపడం ఆమె పని. పదమూడేళ్లు అదే పని చేసి చేసి ఆ చూపు ఇంటికి కూడా వచ్చేసింది. మొగుడు గడ్డం గీసుకుంటే చెవి కింద మిగిలిన నాలుగు వెంట్రుకలు కూడా ఆమె కంటపడకుండా పోవు.

మొగుడు బేకరీలో రొట్టెల మేస్త్రీ. తెల్లవారుజామున మూడింటికే లేచి పనికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఇంటికొచ్చి, స్నానం చేసి, కిటికీకి మందపాటి తెరలు లాగి పడుకుంటాడు. పొయ్యి వేడికి కళ్లు మండుతుంటాయి కాబట్టి తువ్వాలు తడిపి, మడిచి కళ్ల మీద వేసుకుంటాడు. ఆమె ఎనిమిదింటికి వెళ్లి అయిదున్నరకి వస్తుంది.

"మీ ఆలుమగలు ఎప్పుడైనా కలుసుకుంటారా, లేకపోతే ఉత్తరాలు రాసుకుంటారా?" అని పక్క బల్ల దగ్గర బొత్తాలు కుట్టే పెద్దావిడ ఏడిపించేది. ఆవిడని అందరూ బొత్తాలక్క అంటారు.

ఉత్తరాల్లాంటివి ఉన్నాయి. పొద్దున పనికి పోయేముందు ఆమె ఒక కమలాపండు ఒలిచి, సగం తాను తిని, మిగిలిన సగం మంచం పక్కన స్టూలు మీద పళ్లెంలో పెట్టి గిన్నె బోర్లించి వెళ్తుంది. మధ్యాహ్నం అతను అది తిని, ఆఖరి తొన ఒక్కటి ఆమెకి ఉంచుతాడు. సాయంత్రం ఆమె చెప్పులైనా విప్పకుండా గబగబా వచ్చి ముందు ఆ తొన నోట్లో వేసుకుంటుంది. పైతోలు కాస్త ఎండిపోయి ఉంటుంది. అయినా ఆమెకి అదే రుచి. పండు దొరికే రోజుల్లో ఆ తొన ఒక్కనాడూ తప్పలేదు, అతనికి జ్వరం వచ్చిన రోజు కూడా.

రెండో సుఖం మంచం. ఆమె రాగానే అతను లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి పోతాడు. అతను లేచిన చోటులో ఆమె ధబ్బున పడిపోతుంది. అయిదు గంటల నిద్ర వెచ్చదనం, ఎంత స్నానం చేసినా వదలని రొట్టెపిండి వాసన... టీ వచ్చేదాకా ఆ పావుగంట ఆమెని కదిలించడానికి ఎవరికీ హక్కు లేదు. తర్వాత ఒకే గ్లాసులో టీ తెస్తాడు. చెరి సగం తాగుతారు. "ఇంట్లో రెండో గ్లాసు లేదా?" అని ఆమె అడిగితే, "ఉంది. కడిగేవాడిని నేను" అంటాడు.

మూడోది ఒక మాట. మంచం చిన్నది. గోడవైపు ఆమె, బయటివైపు అతను. రాత్రి ఎవరు వెనక వచ్చినా "కాస్త జరుగు" అంటారు. అంతే, ముందు పడుకున్నవాళ్లు కళ్లు తెరవకుండా, నిద్ర చెడకుండా జరుగుతారు. పదకొండేళ్ల అలవాటు. పక్కింట్లో పెళ్లి బాజాలు మోగినా లేవని మనిషి ఆమె, ఆ రెండు మాటలకి మాత్రం ఒళ్లు దానంతట అదే జరిగిపోయేది.

ఇవీ వాళ్ల సంపదలు. వీటిని ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. చెప్తే దిష్టి తగులుతుందని కాదు. వీటిలో ఇంకొకరికి మాటగానైనా వాటా ఇవ్వడం ఆమెకి ఇష్టం లేదు.

చలికాలం మొదలైన వారంలో ఒకరోజు ఆమె ఎప్పటిలాగే అతని చోటులో వాలి, ఒళ్లు విరుచుకుంటూ చేతిని గోడవైపుకి, తన చోటులోకి చాపింది. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తన చోటు కూడా వెచ్చగా ఉంది.

పొద్దున ఎనిమిదింటికి ఆమె లేచిన చోటు అది. అతను దొర్లాడేమో అనుకుంది. కానీ అతను పడుకుంటే దుంగ, ఎటువైపు పడుకుంటే అటువైపే లేస్తాడు. వంగి దిండు చూసింది. దిండు మధ్యలో గుంట ఉంది. తల పెట్టిన గుంట. ఆమె పొద్దున దిండు దులిపి, సర్ది వెళ్లింది. ఆ సంగతి ఆమెకి బాగా గుర్తు.

స్టూలు మీద గిన్నె ఎత్తి చూసింది. పళ్లెం ఖాళీ.

"ఏమయ్యో," అంది వంటింట్లోకి వినబడేలా, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ. "నా తొన ఏదీ?"

"భలేదానివే!" నవ్వాడు అతను గిన్నెలో చెంచా తిప్పుతూ. "ఇవాళ మధ్యాహ్నం నీ నోట్లోనే పెట్టాను కదా!"

ఆమెకి ఒళ్లు చల్లబడింది. మరుక్షణమే ఒళ్లు మండింది. ఆ రెండోదే ఆమెకి బాగా అలవాటైన సంగతి.

అతను టీ తెచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "చెప్పకూడదనుకున్నావో ఏమో, నేనూ అడగలేదు. నాలుగు రోజుల నుంచి మధ్యాహ్నం పూట వచ్చి పక్కన పడుకుంటున్నావు. తల నొక్కుతున్నావు. పని మధ్యలో వచ్చిపోవడం కష్టం కాదూ?" అన్నాడు. తర్వాత గ్లాసులోకి చూస్తూ, కాస్త సిగ్గుపడుతూ, "నేనంటే ఇంత ఇదిగా ఉందని ఇన్నాళ్లూ తెలియలేదే నాకు" అన్నాడు.

అబద్ధం చెప్పే ముఖం కాదు అది. చొక్కాలో తప్పు పట్టినట్టు ఆ ముఖంలో వెతికింది. ఎక్కడా కుట్టు జారలేదు. మరి ఎవరు? ఎవతె వచ్చి, ఈ అమాయకుడి కళ్ల మీద గుడ్డ ఉందని కనిపెట్టి...

నేను కాదు, అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పదకొండేళ్లలో ఆమె ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు. ఆ వెలుగు తన వల్ల వచ్చింది కాదని ఒప్పుకోవడానికి ఆమెకి కడుపు మండిపోయింది. ఆ సంతోషం ఇంకొకత్తె ఖాతాలో పడడమా?

"అవును," అంది. "నేనే."

మర్నాడు పనికి పోయేముందు కింది వాటా పిన్నిగారి దగ్గర ఆగింది. ఆవిడ రోజంతా మెట్ల మీద కూర్చుని స్వెట్టర్లు అల్లుతుంది. ఆవిడ మోకాలు తగలకుండా పైకి పిల్లి కూడా ఎక్కలేదు.

"పిన్నిగారూ, మధ్యాహ్నాలు మా ఇంటికి ఎవరైనా వస్తున్నారా?"

"మీ ఆయన తప్ప ఎవరూ రారమ్మా. ఎందుకు, ఏమైనా పోయిందా?"

"ఇంకా పోలేదు" అంది ఆమె.

కార్ఖానాలో ఆ రోజు ఆమె ఏడు మంచి చొక్కాలని తప్పున్నవనుకుని వెనక్కి పంపింది. బొత్తాలక్క వచ్చి పక్కన కూర్చుంటే తట్టుకోలేక అంతా కక్కేసింది. బొత్తాలక్క సూది నోట్లో పెట్టుకుని ఆలోచించింది.

"మెట్లెక్కకుండా ఎట్లా వస్తుందే?"

"అదే నాకూ తెలియడం లేదు అక్కా."

"సగం రోజు సెలవు పెట్టు. తలుపు చాటునా కిటికీ చాటునా నక్కకు. సరాసరి నీ చోటులో నువ్వే పడుకో. అప్పుడు వచ్చేదానికి చోటెక్కడిది? ఎక్కడ పడుకుంటుందో మనమూ చూద్దాం."

సలహా ఆమెకి నచ్చింది. అందులో భయం లేదు, హక్కు ఉంది.

మర్నాడు పదకొండున్నరకే ఇంటికొచ్చి వంటింటి తలుపు వెనక కూర్చుంది. పన్నెండింటికి తాళం తిరిగింది. స్నానం చప్పుడు. పళ్లెం మీద గిన్నె చప్పుడు. తెరల రింగులు గరగరలాడుతూ ఒకదాని వెనక ఒకటి జారడం. కాసేపటికి గురక. ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు మొగుడు ఎలా ఉంటాడో ఆమె ఎప్పుడూ వినలేదు. ఒక పాట సగం కూనిరాగం తీసి, మిగతా సగం మరిచిపోయాడు. దొంగచాటుగా వింటున్నందుకు ఆమెకి నవ్వొచ్చింది, ఎందుకో ఏడుపూ వచ్చింది.

గురక కుదురుకున్నాక పిల్లిలా గదిలోకి వచ్చింది. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చీకటి. తెరల సందులోంచి దారమంత వెలుగు మాత్రం గచ్చు మీద పడి ఉంది. ముందు తన చోటులో చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. ఇంకా ఎవరూ రాలేదు. గెలిచినట్టే అనిపించింది.

కాళ్లవైపు నుంచి ఎక్కి, గోడకి వీపు ఆనించి, అతనివైపు తిరిగి పడుకుంది. గోడకీ మంచానికీ మధ్య నాలుగు వేళ్ల సందు. అందులో ఒకసారి దువ్వెన పడితే తీయడానికి మంచం జరపాల్సి వచ్చింది. ఇక అటునుంచి ఎవరు వస్తారు? వస్తే గిస్తే తలుపువైపు నుంచే రావాలి. ఆమె తలుపుని గుచ్చి గుచ్చి చూస్తూ పడుకుంది.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. కింద పిన్నిగారు దగ్గింది. అతను వెల్లకిలా, కళ్ల మీద తువ్వాలుతో, నోరు కొద్దిగా తెరిచి పడుకున్నాడు. పళ్లెంలో ఆఖరి తొన వాసన పుల్లగా, సన్నగా వస్తోంది. రెండు కొట్టింది. ఆ రోజు తెల్లవారుజామున అతనితోపాటే మూడింటికి మెలకువ వచ్చిన ప్రాణం, కళ్లు బరువెక్కాయి. ఎంత ఆపుకున్నా ఒక రెప్ప వాలింది. తర్వాత రెండోది.

"కాస్త జరుగు."

ఆమె జరిగింది.

కళ్లు తెరవలేదు. అలవాటు ప్రకారం ఒళ్లు దానంతట అదే జానెడు ముందుకి జరిగింది. ఖాళీ అయిన చోటులో పరుపు మెల్లగా కుంగింది. దుప్పటి సర్దుకుంది. వెనక నుంచి హాయిగా వెచ్చదనం తగిలింది. ఇంక నిద్రలోకి జారిపోబోతూ... అప్పుడు గుర్తొచ్చింది.

అతను తన ముందు ఉన్నాడు.

కళ్లు తెరిచింది. జానెడు దూరంలో అతని చెవి. గురక. మెల్లగా లేచి పడే ఛాతీ. మాట వచ్చింది వెనక నుంచి... గోడవైపు నుంచి.

వెనక్కి తిరగాలి. మెడ తిరగలేదు. వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు... తీసి... ఆగి... వదులుతున్నారు. ఆమె ఊపిరి బిగబట్టింది. అది కూడా బిగబట్టింది. ఆమె వదిలింది. అదీ వదిలింది.

నడుము మీద బరువు పడింది. ఒక చెయ్యి... ఆమె మీదుగా చాచుకుని అవతలికి వెళ్లింది. అతని నుదుటి మీద ఆగింది. వేళ్లు మెల్లగా, తెలిసినట్టు, కుడి కణత దగ్గర మొదలుపెట్టి నొక్కసాగాయి. కుడి కణత దగ్గర మొదలుపెట్టాలని ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

అతని గురక ఆగింది. నిద్రమత్తులో నవ్వాడు.

"వచ్చావా..."

భయం ఉంది. ఒళ్లంతా ఉంది. కానీ ఆ నవ్వు చూడగానే భయం అడుగునుంచి ఇంకొకటి లేచింది. ఆ నవ్వు నాది. ఆ కణత నాది. ఈ మాట ఎవరితో పోట్లాడి చెప్పుకోవాలో మాత్రం తెలియడం లేదు.

అతను కళ్ల మీది తువ్వాలు తీయకుండానే స్టూలు మీద తడిమాడు. గిన్నె పక్కకి జరిగింది. ఆఖరి తొన వేళ్ల మధ్య పట్టుకుని ఆమెవైపు తిరిగాడు. ఇప్పుడు అతని ముక్కు ఆమె నుదుటికి తగిలేంత దగ్గర. ఆమె నోరు తెరిచింది. దేవుడా, ఇటే పెట్టు, నాకే పెట్టు అనుకుంది.

తొన ఆమె పెదవుల ముందు నుంచి వెళ్లిపోయింది. ఆమె భుజం మీదుగా... చెవి పక్కనుంచి... వెనక్కి.

"అంత దూరం జరిగావేంటే?" అన్నాడు అతను ముద్దుగా. "మధ్యలో ఇంకొకరు పట్టేంత చోటుంది. దగ్గరికి రా."

ఆమె అతని ఛాతీకి ఆనుకునే ఉంది.

చెవి వెనక నమలడం మొదలైంది. తొందరలేదు. తొన చిట్లిన చప్పుడు... రసం పీల్చిన చప్పుడు... ఒక చుక్క ఆమె మెడ మీద పడి, చల్లగా కిందికి జారింది. తర్వాత, నోట్లో తొన ఇంకా ఉండగానే, ఆమె గొంతుతోనే, ఎంతో మర్యాదగా...

"కాస్త జరుగు."

ఈసారి జరగలేదు. పళ్లు బిగించి, పరుపు అంచు గోళ్లతో పట్టుకుంది. ఒళ్లు మాత్రం, పదకొండేళ్లుగా నేర్చుకున్న ఒళ్లు, వేలెడు జరిగింది.

అప్పుడు అరిచింది. కాళ్లవైపు నుంచి దొర్లి కింద పడి, పాకుతూ పోయి తెరలు లాగేసింది. గదిలోకి ఎండ వచ్చి పడింది. మంచం మీద అతనొక్కడే. ఆమె చోటులో స్పాంజి పరుపు మీది పల్లం నెమ్మదిగా పైకి లేస్తోంది. దిండు మీద పసుపు మరక, తడిగా.

అతను తువ్వాలు తీసి కళ్లు చికిలించాడు. "ఎప్పుడు దిగావే? ఇప్పుడే కదా తొన పెట్టాను... ఏమైంది, కలగన్నావా?"

ఇప్పుడైనా చెప్పాలి. అది నేను కాదయ్యా అని చెప్తే చాలు, ఈ రాత్రికే ఇల్లు ఖాళీ చేసేస్తారు. కానీ సూదికళ్లు అతని ముఖం చూసింది. చెప్తే భయపడతాడు, సరే. భయం నాలుగు రోజులుంటుంది. ఆ తర్వాత? ఆ చల్లని మధ్యాహ్నాలు, ఆ తల నొక్కడం తలుచుకోడూ? ఎవరై ఉంటుందా అని జీవితాంతం అనుకోడూ? పక్కన తనని పెట్టుకుని ఇంకొకదాని గురించి ఆలోచిస్తాడు. ఆ ఆలోచనని ఆమె ప్రాణం పోయినా భరించలేదు.

"నేనే," అంది. "కలొచ్చింది. పడుకో."

ఆ సాయంత్రం దుప్పట్లు ఉతికింది. దిండు గలీబు మార్చింది. పరుపు తిరగేసింది. గోడకీ మంచానికీ మధ్య సందులో పాత బట్టలన్నీ కుక్కి కుక్కి గాలి చొరకుండా చేసింది. రాత్రంతా గోడకి వీపు నొక్కి, రెండు చేతులతో మొగుడిని పట్టుకుని పడుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. మూడింటికి అతను లేచి, ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని పనికి వెళ్లాడు.

పొద్దున ఆమె కమలాపండు ఒలిచింది. సగం తిని, సగం పెట్టి, గిన్నె బోర్లించి, గిన్నె మీద బరువుకి రోకలి పెట్టింది. ఆ పిచ్చిపనికి తనకే నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం అయిదున్నరకి ఆమె ఇంటికి వచ్చింది. మెట్ల మీద పిన్నిగారిని పలకరిస్తే ఆవిడ అల్లిక లెక్క పెట్టుకుంటూ తలెత్తలేదు. ఆవిడ మోకాలు తగలకుండానే పైకి వచ్చేసింది. లోపల చెప్పులైనా విప్పకుండా ముందు పళ్లెం దగ్గరికి పోయింది. రోకలి పక్కన పెట్టి ఉంది. గిన్నె ఎత్తింది.

ఆఖరి తొన ఉంది.

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. గబుక్కున నోట్లో వేసుకుంది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. నమిలింది. తీపీ తెలియలేదు, పులుపూ తెలియలేదు. మూడు రోజుల బెంగకి నోరు చచ్చిపోయిందిలే అనుకుంది.

అతను అప్పటికే లేచి తువ్వాలు మడుస్తున్నాడు. "నువ్వు కాసేపు నడుం వాల్చు, టీ తెస్తా" అన్నాడు మంచంవైపు చూస్తూ, ఆమె పక్కనుంచి వంటింట్లోకి వెళ్లాడు.

ఆమె అతని చోటులో వాలింది. దుప్పటి గడ్డందాకా లాక్కుంది. చెయ్యి మెల్లగా గోడవైపుకి చాపింది. తన చోటు చల్లగా ఉంది. ఎవరూ లేరు. పొద్దున సర్దినట్టే దిండు. పోయింది, పీడ వదిలింది. ఎంత గట్టిగా ఉంటే అంత త్వరగా పోతాయి ఇలాంటివి అనుకుని, ఆ పావుగంటా కాళ్లు చాపుకుని, పైకప్పు చూస్తూ, రేపు బొత్తాలక్కకి ఈ కథ ఎలా చెప్పాలా అని ముచ్చటపడుతూ పడుకుంది.

వంటింట్లో గ్లాసు చప్పుడైంది. ఒక్క గ్లాసు.

"ఏమే, చక్కెర సరిపోయిందా చూడు" అన్నాడు అతను.

ఎప్పుడూ అడిగే మాటే. ఆమె నవ్వుకుని, జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. అంతలోనే వంటింట్లోంచి, అతని పక్కనుంచి, టీ గుటక వేసిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆమె గొంతు.

"ఇంకొంచెం వెయ్యి."

అతను నవ్వాడు. ఆ నవ్వే.

ఆమె దిగ్గున లేచింది. లేవడానికి చెయ్యి పరుపు మీద, ఇంతసేపూ తాను పడుకున్న చోటులోనే ఆనించింది.

అది చల్లగా ఉంది. పరుపు మీద పల్లం కూడా లేదు.